అతుకు - మార్పు

విరిగిన మనసు, పగిలిన అద్దం అతకవని లోకోక్తి. మనసు సంగతి కవులకు వదిలివేద్దాం. అద్దం విషయంలో మాత్రం ఈ మాటకు కాలం చెల్లి చాలా ఏండ్లయింది. మోటారు కారు ముందు అద్దం పగిలినప్పుడు దానిని అతికించే విద్య నేడు మన ఊళ్లలోనూ ఉన్నది. అయితే అతికించవచ్చునా అన్నది ఒక ప్రశ్న. అతికించవలెనా అన్నది మరొక ప్రశ్న. ఈ రెంటి నడుమ ఉన్న దూరం నాకు తెలిసివచ్చిన విధం విద్యార్థి మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గత వేసవిలో మా నాన్నగారిని పక్కన కూర్చుండబెట్టుకొని నా పాత కారులో కర్నూలు నుండి నంద్యాలకు బయలుదేరాను. ఓర్వకల్లు దాటిన తర్వాత, ముందు పోతున్న కంకర టిప్పరు చక్రం కింది నుండి ఒక రాయి ఎగిరివచ్చి టపాకాయ పేలినట్లు అద్దానికి తగిలింది. బండి ఆపి చూస్తే రూపాయి బిళ్లకన్న చిన్న గాయం. దాని చుట్టూ నక్షత్రం వలె సన్నని బీటలు. ఒక్క ముక్కైనా లోపలికి రాలలేదు.

రాలకపోవడానికి కారణమున్నది. కారు ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకల నడుమ పాలీవినైల్ బ్యూటిరాల్ అనే పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాజు పగిలినా ముక్కలను ఆ పొర పట్టుకొని ఉంచుతుంది. ఈ తరహా గాజుకు మూలపురుషుడు ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్వార్ బెనెడిక్టస్. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కింద పడి బీటలు వారిందే గాని చెదరిపోలేదు. అందులో లోగడ నిలువ ఉన్న సెల్యులోజ్ నైట్రేట్ ఎండి, లోపలి వైపు పొర కట్టడమే అందుకు హేతువు. ఆ పరిశీలన నుండి పుట్టిన గాజుకు ఆయన 1909లో పేటెంటు పొందాడు. ఆనాడు కుప్పెను కాచిన గుణమే ఓర్వకల్లు దారిలో మా తండ్రీకొడుకుల కండ్లను కాచింది.

ఇంటికి చేరగానే సలహాలు మొదలైనవి. "ఇంత చిన్న దానికి ఖర్చెందుకు, అలాగే నడుపు" అన్నాడు మా బావ. "ఇన్సూరెన్సు ఉన్నది గదా, ఉచితంగా కొత్త అద్దం వేయించుకో" అన్నారు ఒక సహాధ్యాపకులు. నాన్నగారు మాత్రం బాగుచేయించమన్నారు. ఆయన జీవితమంతా పుస్తకాలకు బైండింగు చేసి మమ్ములను చదివించిన మనిషి. మా ఇంట్లో పాడైనదానిని పారవేయడం అలవాటు లేదు.

మా బావ మాట నిలువదని మెకానిక్ షెడ్డులో ఉస్తాదు ఒక్క ముక్కలో తేల్చాడు. ఎండకు వేడెక్కిన అద్దం మీద ఏసీ గాలి తగిలినా, గుంతలో బండి ఎగిరిపడినా బీట పాకుతుంది. అంతవరకు తడి, దుమ్ము చేరకుండా పైన టేపు అంటించి పెట్టాడు. తరువాత మూడు సంగతులు చూశాడు: గాయం ఎంత పెద్దది, ఎంత లోతైనది, ఎక్కడ ఉన్నది. చిన్నదై, పై పలకకే పరిమితమై, అంచుకు దూరంగా ఉంటే అతుకు నిలుస్తుంది. గాయంలోని గాలిని లాగివేసి, రెజిన్ అనే పారదర్శకమైన బంకను ఒత్తిడితో ఎక్కించి, అతినీలలోహిత కిరణాలతో గట్టిపరుస్తారు. లోపలి పలక కూడా పగిలినా, బీట అంచుకు తాకినా కొత్తది వేయవలసిందే.

కొలతకు, లోతుకు నా అద్దం పరీక్ష నెగ్గింది. చోటు దగ్గర చిక్కు వచ్చింది. గాయం సరిగ్గా నడిపేవాని చూపుకు ఎదురుగా ఉన్నది. "సార్, ఎనిమిది వందలకు నింపిస్తా. బీట పాకదు, దానికి నాదీ పూచీ. కానీ మచ్చ మిగుల్తాది. రాత్రి ఎదురుగా లారీ లైటేస్తే ఆ మచ్చ కాడ వెలుగు చెదిరిపోతాది. మీ చూపుకు నేను పూచీ పడలేను" అన్నాడు ఉస్తాదు. కొత్త అద్దానికి, కూలితో కలిపి, ఆరు వేల ఐదు వందలు చెప్పాడు.

నాన్నగారిని గుండె వైద్యానికి తరచుగా హైదరాబాదు తీసుకొనిపోతుంటాను. తిరుగు ప్రయాణం ఎప్పుడూ రాత్రివేళనే. అందువల్ల ఉస్తాదు మాట నా మనసులో నాటుకొన్నది.

ఇక ఇన్సూరెన్సు లెక్క. గాజు భాగాలకు తరుగు కోయరన్నది నిజమే. కాని చిన్న కార్లకు మొదటి వేయి రూపాయలు యజమానియే భరించాలి. పైగా క్లెయిము చేయనివారికి ఏటేటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరిగే తగ్గింపు ఒక్క క్లెయిముతో సున్నకు దిగుతుంది. నాకు రాబోయే ఏడు 35 శాతం రావలసి ఉన్నది. మళ్లీ 50కి చేరేవరకు పోయేది కూడితే ఇంచుమించు ఒక ఏడాది సొంత నష్టపు ప్రీమియం, అంటే నా విషయంలో ఆరు వేలు. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది గనుక కొంత మినహాయించినా, ఉచితమన్నది పేరుకు మాత్రమే. తగ్గింపు పోకుండా అదనపు రక్షణ కొనుక్కొన్నవారి లెక్క వేరు, నాకది లేదు. కనుక ఎనిమిది వందలా, ఆరు వేల ఐదు వందలా అన్నది నా జేబే తేల్చుకోవలసి వచ్చింది. ఆ నెలలోనే పిల్లల బడి ఫీజు కట్టవలసి ఉన్నది.

నాన్నగారికి అంతా విన్నవించాను. ఆయన కొంతసేపు ఆలోచించి ఉర్దూలో చెప్పిన మాటల సారం ఇది: "చిరిగిన పుటను అతికించేది అక్షరం చదువుకోవడానికి. అతికిన కాగితం అక్షరాన్నే కప్పివేస్తే దాన్ని బాగుచేయడమంటారా? ఆ పుట మళ్లీ రాయించుకోవలసిందే." నలభై ఏండ్లు అతుకులు వేసిన చేతుల నుండి వచ్చిన తీర్పు అది. ఫీజుకు రెండు వాయిదాలు అడిగి, కొత్త అద్దం వేయించాను.

బిగించిన తర్వాత బంక ఆరేదాకా ఉస్తాదు బండిని కదలనివ్వలేదు. అందులోనూ అర్థమున్నది. ముందు అద్దం గాలిని ఆపే పలక మాత్రమే కాదు. బండి బోల్తా పడితే పైకప్పుకు బలమిచ్చేవాటిలో అదీ ఒకటి. అనేక కార్లలో పక్క సీటు ఎయిర్ బ్యాగు దాని ఆసరాతోనే విచ్చుకొంటుంది. బంక గట్టిపడని అద్దం ఆపదలో ఊడివస్తుంది. మన మోటారు వాహన నిబంధనలు ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు సాగాలంటున్నవి. నడిపేవానికి అంత వెలుతురు వస్తే చాలదు, అది చెదరకుండా రావాలి.

అదే గాయం ఎడమ పక్కన, అంచుకు దూరంగా తగిలి ఉంటే ఎనిమిది వందలతో అతికించుకొని నిశ్చింతగా తిరిగేవాడిని. అప్పుడు కొత్త అద్దం వేయించడం దుబారా అయ్యేది. మన ఇండ్లలో వస్తువును కాపాడుకొనే గుణం పేదరికం నేర్పిన సంస్కారం, దానిని వదలుకోవద్దు. కాని వస్తువు ఏ పనికోసం ఉన్నదో, అతుకు వేసిన తరువాత ఆ పని నెరవేరుతుందో లేదో ముందు విచారించాలి. నెరవేరితే అతుకు గౌరవమే. నెరవేరకపోతే ఎంత చౌకగా దొరికినా అది మనకు అక్కరలేదు.