సన్నమంటతో మొదలు

సెలవులు గడపడం ఎవరికైనా వచ్చు. సెలవులనుండి తిరిగి రావడమే నేర్చుకోవలసిన పని. ఈ సంగతి మేము ఒక వేసవిలో నష్టపడి తెలుసుకున్నాము.

ఆ వేసవిలో పిల్లలతో ముంబయిలోని అక్కయ్యగారింట రెండు వారాలు ఉన్నాము. జూన్ 12న బడులు తెరుస్తారు. ఒక్క పూట కూడా వృథా కాకూడదనుకొని 10వ తేదీ రాత్రి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, 11న నిజామాబాదులో దిగాము. ఇల్లంతా దుమ్ము. మూటలు విప్పి, బట్టలు ఉతికి, పుస్తకాలకు అట్టలు వేసేసరికి అర్ధరాత్రి దాటింది. రెండు వారాలుగా తొమ్మిదింటికి లేచిన పిల్లలను మరునాడు అయిదింటికే లేపాము. పెద్దవాడు ఆటోలో వాంతి చేసుకున్నాడు. చిన్నది తరగతిలో నిద్రపోయిందని కబురు వచ్చింది. ఉప్మాలో ఉప్పు తక్కువైందని మేమిద్దరం పోట్లాడుకున్నాము. ఆ వారంలో ఒక్క రాత్రి కూడా కుటుంబ ప్రార్థన సక్రమంగా జరగలేదు. హాయిగా తిరిగివచ్చిన ఇంట్లో నవ్వు లేకుండా పోయింది.

ఆదివారం ఆరాధన ముగిశాక, ముంబయి మిఠాయి ఇచ్చి వద్దామని బోధన్‌లోని పెద్దబాపు ఇంటికి బయలుదేరాము. నిజామాబాదునుండి బోధన్ 25 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మృగశిర కార్తె వచ్చి ఒక వాన పడింది. ఎడపల్లి దాటిన తరువాత రోడ్డుకు ఇరువైపులా నల్లని దుక్కులు కనిపించాయి. ఒకప్పుడు ఈ దారి పొడుగునా చెరకు తోటలే. ఇప్పుడు వరి, సోయా, పసుపు ఎక్కువ.

మా ముఖాలు చూడగానే పెద్దబాపుకు సంగతి అర్థమైంది. ఆయన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. మేము చెప్పినదంతా విని ఇలా అన్నాడు:

“సీజన్ మొదలయ్యేటప్పుడు బాయిలర్ల ఒక్కసారే పెద్దమంట పెడ్తమా బిడ్డా? పెడితే లోపటి ఇటుకగోడ పగుల్తది. నెలలకొద్ది సల్లగున్న బాయిలరాయె. ముందుగాల కట్టెలతోని సన్నమంట పెట్టాలె. గోడల తడి ఆరాలె, ఇనుము మెల్లగ వేడెక్కాలె. గప్పుడు పిప్పి ఏస్తం. ఆవిరి వస్తది, మిల్లు తిరుగుతది. మీరేమో పిల్లలను బండి దిగంగనే పెద్దమంట మీద పెట్టిండ్రు.”

మేము సిగ్గుపడ్డాము.

ఈ ప్రాంతానికి ఆ ఫ్యాక్టరీ ఏమిటో కొత్తతరం పిల్లలకు చెప్పవలసి ఉన్నది. మంజీర నదిమీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చాక చెరకు సాగు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒక కాలంలో ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. నవంబరు, డిసెంబరు నెలల్లో గానుగ మొదలైతే వేసవి ముఖందాకా రాత్రింబగళ్ళు నడిచేది. కోసిన చెరకును నిలువ ఉంచితే అందులోని చక్కెర తగ్గిపోతుంది గనుక అక్కడ ఆలస్యానికి తావు లేదు. గానుగ లేని నెలల్లో యంత్రాలు విప్పి, తోమి, అరిగినవి మార్చి మళ్ళీ బిగించేవారు. ఆ విరామం కూడా పనిలో భాగమే. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది.

అప్పటికి పెద్దబాపుకు ఇంకా రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉన్నది. ఆ రోజులగురించి ఆయన ఎన్నడూ మాతో మాట్లాడలేదు. ఆనాడు మాత్రం మాట్లాడాడు. “పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేది. లేసి చొక్కా తొడుక్కునేటోణ్ణి. యాడికి పోవాలె? మీకు బడి తెరిచే తారీఖు తెలుసు, ఆఫీసు తెరిచే తారీఖు తెలుసు. సెలవు ఎప్పుడయిపోతదో తెలిసినోనికే అది సెలవు. తెల్వనోనికి కాదు బిడ్డా.”

పెద్దమ్మ మిగతాది చెప్పింది. కొన్ని నెలలు ఆయన అన్నం సరిగా తినలేదట. ఆమె ఆయనకు హితబోధలు చేయలేదు. మొదట అయిదింటికి పాలు తెమ్మన్నది. కొన్నాళ్ళకు జామచెట్టుకు నీళ్ళు పొయ్యమన్నది. తరువాత సాయంత్రం పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పమన్నది. ఆమె పెట్టినది కూడా సన్నమంటే.

తిరిగి వచ్చేటప్పుడు మేమిద్దరం దారంతా మౌనంగా ఉన్నాము. పొద్దున లేవాలని విసుక్కున్న మాకు, లేచి వెళ్ళడానికి ఒక చోటు ఉండటమే ఎంత మేలో తెలిసింది.

మరుసటి ఏడు 8వ తేదీకే ఇల్లు చేరాము. శరీరంలోని గడియారం గోడగడియారంవలె ముల్లు తిప్పితే తిరగదు. అందుకని పిల్లలను మొదటిరోజు ఎనిమిదింటికి, తరువాత ఏడింటికి, ఆపైన ఆరున్నరకు లేపాము. లేచిన వెంటనే వాకిట్లో ఎండ తగిలేలా నడిపించాము. ఉదయపు వెలుతురు కంటికి సోకితే రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. పగటినిద్ర అరగంటకు మించనివ్వలేదు. ప్రయాణంలో తిన్న నూనె తిండికి బదులు జొన్నరొట్టె, మజ్జిగ, ఆకుకూర పప్పు పెట్టాము. బట్టలన్నీ ఒక్కనాడే ఉతకలేదు. రాత్రి ప్రార్థన మాత్రం మొదటిరోజునుండే వేళకు, క్లుప్తంగా చేసుకున్నాము. మనసుకు తన చోటు తెలియడానికి ఆ ఒక్క వేళ చాలా సహాయపడింది.

పల్లెలోని మన రైతులకు ఇది కొత్త కాదు. వేసవంతా కొట్టంలో ఉన్న ఎద్దులను తొలి దుక్కినాడే పొద్దుగూకేదాకా అరకకు కట్టేవారు కాదు. మొదట ఒక పూట, ఆపైన రెండు పూటలు. ఎద్దుపై చూపిన ఆ దయను మన పిల్లలమీద, మనమీద కూడా చూపుకోవద్దా?

ఇప్పుడు ప్రతి జూన్ నెలలో పెద్దబాపు ఫోను చేస్తాడు. క్షేమ సమాచారాలకంటె ముందే అడుగుతాడు: “మంట ఎట్లున్నది?”

“సన్నగనే ఉన్నది పెద్దబాపు” అంటాము.