మావారి కొడవలి, టైగర్ వుడ్స్ స్వింగ్

మా అశ్వారావుపేట వైపు ఎటు చూసినా పామాయిల్ తోటలే. గెల కోయడం ఎప్పుడూ చూడనివాళ్ళకి అదేముంది, కొడవలి తగిలించి లాగడమేగా అనిపిస్తుంది. కానీ చెట్టు పెరిగేకొద్దీ కోసే మనిషి తన ఒంటి తీరు మార్చుకుంటూ పోవాలండీ. నాటిన 3, 4 ఏళ్ళకి కాపు మొదలవుతుంది. అప్పుడు గెలలు కిందనే ఉంటాయి, ఉలి లాంటి పనిముట్టుతో పొడిస్తే చాలు. చెట్టు మనిషి ఎత్తు దాటాక పొడవాటి గెడకి కొడవలి బిగించి, తల పైకెత్తి లాగాలి. గెలలూ ఏటేటా బరువెక్కి 20 కిలోల దాకా తూగుతాయి. చెట్టు పాతికేళ్ళు కాస్తుంది. మనిషి భుజానికి ఆ హామీ లేదు.

మావారికి 52 ఏళ్ళు. మా తోటకి 12 ఏళ్ళు. కూలీలతో పాటు తనూ గెడ పడతారు. నిరుడు కుడి భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవడానికి కూడా నేను సాయం పట్టాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి, "చేత్తో లాగుతున్నారు సార్, కాళ్ళతో లాగండి" అన్నాడు. ఒక కాలు వెనక్కి వేసి, మోకాళ్ళు కొంచెం వంచి, ఒంటి బరువంతా వేసి లాగాలట.

మొదటి రెండు కోతలూ నత్తనడకే. "ఈ వయసులో నాకు కోత నేర్పుతారా?" అని విసుక్కున్నారు. అప్పుడు మా అబ్బాయి ఫోన్లో టైగర్ వుడ్స్ సంగతి చెప్పాడు. 1997 మాస్టర్స్‌లో 12 స్ట్రోకుల తేడాతో గెలిచిన మనిషి, ఆ గెలిచిన స్వింగ్‌నే విప్పి మళ్ళీ కట్టుకున్నాడట. 1998లో అమెరికా టూర్‌లో గెలిచింది ఒక్కటే. 2000లో యూఎస్ ఓపెన్ 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. తరవాత ఆ స్వింగ్‌నీ మార్చాడు. "నాన్నా, నీకు రెండు కోతలకే విసుగా?" అన్నాడు. మావారు నవ్వి ఊరుకున్నారు.

మార్చుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. కోసిన గెల 24 గంటల్లోపు ఫ్యాక్టరీకి చేరాలి. గట్టు మీద ట్రాక్టర్ హారన్ కొట్టిందంటే కాళ్ళు మర్చిపోయి మళ్ళీ భుజంతోనే లాగుతారు. రాలిన కాయలు ఏరుతూ నేను, "ఏమండీ, కాలు!" అనేదాన్ని. ఒకరోజు కూలీల ముందే, "పదిమందిలో నాకు పాఠాలు చెప్పకు" అని కసిరారు. నాకూ కష్టం వేసింది. రెండు రోజులు మాటల్లేవు.

తరవాతి కోతకి పొద్దున్నే టీ తాగుతూ, "కాయలు నేను కోసే సాలులోనే ఏరు. మాట అనక్కర్లేదు, ఒక్కసారి దగ్గు" అన్నారు.

అప్పటినుంచీ దగ్గుతూనే ఉన్నాను. చొక్కా ఆయనే తొడుక్కుంటున్నారు. కోత ముగిసిన రాత్రి భుజం ఇంకా సలుపుతుంది, కానీ తెల్లారేసరికి తగ్గుతోంది. చెట్లు మళ్ళీ పెరిగాయని ఈ నెల ఇంకాస్త పొడవు గెడ తెచ్చారు. దానికి కాలు ఎంత వెనక్కి వేయాలో నిన్నంతా ఒక్క చెట్టు దగ్గరే నిలబడి చూసుకున్నారు.