విశాఖ నుండి ఆత్రేయపురానికి: కాటన్ దొర కాలువపై పడవల పందెం



సంక్రాంతి రోజుల్లో గోదావరి జిల్లాల పేరు చెబితే చాలామందికి కోడిపందేలే గుర్తుకు వస్తాయి. ఆ బరుల దగ్గర ఒక్క పూటలో పోయే డబ్బు ఎంతో, దానివల్ల ఇంటిల్లిపాది పడే బాధ ఎంతో మన పల్లె కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. అయితే 2025 సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురంలో మరో రకమైన పందెం జరిగింది. సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ట్రోఫీ అనే పేరుతో అక్కడి కాలువలో డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. ఈ సంగతి తెలిసినప్పటినుండి మా సంఘపు యౌవనస్థులు మమ్మల్ని నిలువనివ్వలేదు. "అయ్యగారండీ, మనం కూడా వెళ్లి చూసొద్దామండి" అని పట్టుబట్టారు. స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి ఇరవై మందికి పైగా బయలుదేరాము.

మాది విశాఖపట్నం. మా సంఘంలో ఓడరేవులో పనిచేసేవారున్నారు, ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారున్నారు, ఆ కర్మాగారం కోసం భూములిచ్చి ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబాలవారు ఉన్నారు. జాలరి కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇందరూ ఆదివారం ఒకే చాప మీద కూర్చున్నా, మిగిలిన ఆరు రోజులు ఎవరి దారి వారిదే. పర్మినెంటు ఉద్యోగి ఇంటికి కాంట్రాక్టు కార్మికుడు వెళ్లి కూర్చోవడం అరుదు. ఈ ప్రయాణంలో అందరూ ఒకే పెట్టెలో కూర్చుని, ఒకరి క్యారేజీలోని పులిహోర మరొకరు తినడం చూసినప్పుడే మాకు సగం సంతోషం కలిగింది.

విశాఖలో కాటన్ దొర

కాటన్ దొర గోదావరివారి సొత్తు అనుకుంటాము గాని, ఆయనకు మా విశాఖతో కూడా సంబంధమున్నది. 1803 మే 15న పుట్టిన ఆర్థర్ కాటన్ 1821లో మన దేశానికి వచ్చారు. గోదావరి ఆనకట్ట పనికి పూనుకోకముందు ఆయన విశాఖపట్నంలో కొంతకాలం ఉన్నారు. సముద్రం తీరాన్ని కోసుకుపోతుంటే, రాళ్లతో అడ్డుకట్టలు వేయించి ఆ కోతను ఆపారు. పాత పట్టణంలోని సెయింట్ జాన్స్ దేవాలయ నిర్మాణంలో కూడా ఆయన చేయి ఉన్నదని చెబుతారు. అప్పటికి మా ఊరు చిన్న రేవు మాత్రమే. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడరేవు తయారై ఓడలు లోపలికి రావడం 1933లో గాని జరగలేదు.

ఇక ఉక్కు నగరం సంగతి. 1966లో ఆంధ్రదేశమంతా లేచి నిలిచి, 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన కర్మాగారమది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. అందులోని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు గోదావరి, రెండవదాని పేరు కృష్ణ, మూడవదాని పేరు అన్నపూర్ణ. ఇనుము కరిగించే కొలిమికి నీళ్లిచ్చే నది పేరు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్నారంటే, ఆ కర్మాగారాన్ని మనవారు ఏ కంటితో చూశారో తెలుస్తుంది.

కానీ ఆ ఉదయం రైలులో మావారి మాటలు పండుగ మాటలు కావు. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ కర్మాగారంలో తన పెట్టుబడిని పూర్తిగా ఉపసంహరించుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్న నాటినుండి ఆ ఇండ్లలో నిద్ర కరువైంది. దువ్వాడలో ఎక్కిన ఒక తమ్ముడు కాంట్రాక్టు కార్మికుడు. పెళ్లయి ఏడాది. "వచ్చే నెల పని ఉంటదో ఉండదో తెలీదయ్యగారూ. పడవలు చూడ్డానికి పోతున్నానంటే మా అత్తోరు నవ్వారు" అన్నాడు. ఎదురు సీటులో ఉన్న పర్మినెంటు ఉద్యోగి తల వంచుకున్నాడు. అతని జీతం కూడా ఆ నెల సరిగా అందలేదని తరువాత తెలిసింది.

ధవళేశ్వరం

విశాఖ నుండి రాజమహేంద్రవరం సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ దిగి ముందుగా ధవళేశ్వరం వెళ్లాము.

ఈనాడు పచ్చగా కనిపించే ఈ నేల ఒకప్పుడు ఎండి, మునిగి, మళ్లీ ఎండేది. 1832, 33 సంవత్సరాల్లో నందన కరువు వచ్చింది. గుంటూరు ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి, గోదావరి జిల్లా కూడా చితికిపోయింది. 1839లో కోరంగి దగ్గర పెనుతుఫాను వచ్చి సముద్రం ఊళ్లమీద పడింది. మనుషులు ఆకలితో చస్తుంటే ఇంత నీరు ఊరకే సముద్రంలో కలుస్తున్నదని కాటన్ దొర బాధపడ్డారు. ప్రభుత్వానికి వ్రాసి, వాదించి, ఒప్పించారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. నది మధ్య లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టారు. అది శిథిలమైన తరువాత కట్టిన నేటి బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

అక్కడి మ్యూజియంలో పిల్లలు నమూనాలు చూస్తుండగా, మాలో ఒక పెద్దాయన ఒక ప్రశ్న అడిగారు. ఆయన ఓడరేవులో ముప్పై ఏండ్లు బరువులు మోసిన మనిషి. "దొరగారు గీత గీశారు సరే. రాళ్లు మోసినోళ్లెవరండి?" అన్నారు. మంచి ప్రశ్న. వేలాది కూలీలు ఆ రాళ్లు మోశారు. వారిని కూడగట్టి పని నడిపించినవారిలో వీణెం వీరన్నగారు ముఖ్యులు. ఆయన పేరు మిగిలింది. కూలీల పేర్లు మాత్రం మిగలలేదు. అయితే ఆ కూలీల దగ్గరకు వెళ్లినవారు ఉన్నారు. 1836లో మన తీరానికి వచ్చిన మిషనెరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ అనేవారు గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. ఆనకట్ట పని జరిగే రోజుల్లో బౌడెన్‌గారు ధవళేశ్వరంలో ఉండి, ఆ కూలీల మధ్య సువార్త చెప్పారు. కాటన్ దొర అందుకు తోడ్పడ్డారు. నేడు ఈ డెల్టాలోని అనేక సంఘాల చరిత్ర వెనక్కి తవ్వితే ఆ రాళ్లు మోసిన గుడిసెల దగ్గర తేలుతుంది.

లొల్ల లాకులు

బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరితే మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. గట్టు వెంట కొబ్బరిచెట్లు, అరటి తోటలు. కొంత దూరం పోతే లొల్ల లాకులు వస్తాయి. లాకు అంటే ఏమిటని మా పిల్లలు అడిగారు. పై కాలువలో నీరు ఎత్తున ఉంటుంది, కింది కాలువలో పల్లాన ఉంటుంది. మధ్యలో రెండు చివర్లా తలుపులున్న రాతి తొట్టి కడతారు. పడవ తొట్టిలోకి రాగానే పై తలుపు మూసి, నీటిని మెల్లగా కిందికి వదులుతారు. నీటితోపాటు పడవ కూడా దిగుతుంది. అప్పుడు కింది తలుపు తెరుస్తారు. పైకి ఎక్కాలంటే ఇదే పద్ధతి తిరగేసి చేస్తారు. కాటన్ దొర కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా పనికి వచ్చేటట్టు తవ్వించారు.

గట్టుమీద అరుగుపై కూర్చున్న ఒక తాతగారు మాతో మాట కలిపారు. "మా నాన్న పడవ నడిపేవోడండి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, అందరూ పడవమీదేనండి ఆ రోజుల్లో. గాలుంటే తెరచాప ఎత్తేవోరు. లేకపోతే తాడు భుజానేసుకుని గట్టెమ్మట లాక్కుపోయేవోరండి, ఆయ్. రోడ్లొచ్చాక పడవలు పోయినియ్యండి" అన్నారు. ఇన్నేండ్లకు మళ్లీ కాలువమీద తెడ్డు చప్పుడు వింటున్నందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

పందెం

డ్రాగన్ పడవ మన దేశపుది కాదు, చైనాది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో చూ యువాన్ అనే మంత్రి, కవి దేశానికి వచ్చిన కష్టం చూడలేక నదిలో దూకాడని, ప్రజలు ఆయనను కాపాడాలని పడవలు వేసుకుని పరుగెత్తారని వారు చెప్పుకుంటారు. వారి ఐదవ నెల ఐదవ రోజున ఆ జ్ఞాపకంగా పందేలు జరుపుతారు. 1976లో హాంకాంగ్‌లో జరిగిన పోటీతో ఇది ఇతర దేశాలకు పాకింది. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో దీనిని చేర్చారు. మన కేరళలో చుండన్ వళ్లం అనే పొడుగాటి పాము పడవల పందెం వేరు. 1952లో నెహ్రూగారు అలెప్పీలో ఆ పందెం చూసి మెచ్చి బహుమతి ఇచ్చారు. ఇప్పుడు ఆ ఉత్సాహం కోనసీమకు కూడా వచ్చిందన్నమాట.

ప్రపంచ పోటీలలో పెద్ద పడవలో 20 మంది, చిన్న పడవలో 10 మంది తెడ్డు వేస్తారు. ఇద్దరిద్దరు జంటలుగా కూర్చుంటారు. ముందు ఒకరు వారివైపు తిరిగి కూర్చుని డోలు కొడతారు. వెనుక ఒకరు నిలబడి చుక్కాని పడతారు. గట్టుమీద జనం మధ్య నిలబడి చూస్తుంటే మాకు ఒక సంగతి బాగా అర్థమైంది. ఒక పడవలో కండబలం ఎక్కువ ఉన్నట్టు కనిపించింది, కాని ఒక్కొక్కరి తెడ్డు ఒక్కొక్క వేళకు నీటిలో పడుతున్నది. నీరు చిమ్ముతున్నది గాని పడవ సాగడం లేదు. పక్క పడవలోనివారు సన్నని కుర్రవాళ్లు. అందరి తెడ్లు ఒకేసారి మునిగి ఒకేసారి లేస్తున్నాయి. ఆ పడవ కత్తిలా పోయింది. బలవంతుడు తన ఇష్టం వచ్చినట్టు వేస్తే అతని బలమే పడవకు అడ్డమవుతుంది. డోలు కొట్టేవాడు, చుక్కాని పట్టేవాడు అందరికీ కనబడతారు. నడుమ వరుసలో కూర్చున్నవారి ముఖాలు ఎవరూ గుర్తుపెట్టుకోరు, కాని పడవను నెట్టేది వారే. పౌలుగారు కొరింథీ సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక పన్నెండవ అధ్యాయంలో శరీరము, అవయవముల గూర్చి చెప్పిన మాటను మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. మావారు దానిని ఆ రోజు కళ్లతో చూశారు.

దువ్వాడ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పక్కనున్న పర్మినెంటు అన్నతో, "అన్నా, మనిద్దరం కూర్చునేది నడిమి వరసే కదా" అన్నాడు. ఆయన అతని భుజంమీద చేయి వేశాడు.

మా ఇంటివారు మహిళలతో చెప్పిన ఒక విషయం ఇక్కడ వ్రాయాలి. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే డాక్టరు రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందిన 24 మంది స్త్రీలను డ్రాగన్ పడవ ఎక్కించారు. అంతకుముందు అటువంటి స్త్రీలు చేతితో శ్రమ చేస్తే చేయి వాచిపోతుందని భయపెట్టేవారు. జాగ్రత్తగా సాధన చేసిన ఆ స్త్రీలకు అటువంటి హాని కలగలేదు. నేడు అనేక దేశాలలో అటువంటి స్త్రీల జట్లు ఉన్నాయి. మన పల్లెల్లో స్త్రీలు గడ్డ కనబడినా సిగ్గుతో దాచుకుని, చేయి దాటిన తరువాత ఆసుపత్రికి వస్తున్నారు. అక్కలారా, చెల్లెళ్లారా, దాచవద్దు. త్వరగా చూపించుకుంటే జీవితం మిగులుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాలిన కుండ వీపున బియ్యపు పిండి నీళ్లలో తడిపిన గుడ్డ పరచి, రేకు తీయడం చూసి మా ఆడవారు ఆశ్చర్యపోయారు. అందరం కొనుక్కుని తిరుగు ప్రయాణమయ్యాము.

దారిలో పిల్లలు "మనం కూడా ఒక జట్టు కడదాం" అన్నారు. తల్లులు వెంటనే వద్దన్నారు. వారి భయం ఊరకే పుట్టినది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి యాభైమందికి దగ్గరగా చనిపోయారు. వారిలో మా విశాఖవారు కూడా ఉన్నారు. అయినా నీటికి దూరంగా ఉంచినంత మాత్రాన పిల్లలకు క్షేమం రాదు. సముద్రం ప్రక్కన, కాలువ గట్టున, చెరువు కింద బ్రతికే మనం పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, పెద్దల కనుసన్నల్లో ఈత నేర్పించాలి. లైఫ్ జాకెట్ లేనిదే ఏ పడవా ఎక్కకూడదు. జాకెట్ ఇవ్వని పడవవాడు ఎంత తక్కువకు తీసుకువెళ్తానన్నా దిగిపోవాలి.

మేము తిరిగి వచ్చిన కొద్ది రోజులకు, 2025 జనవరి 17న, ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల సహాయం కేంద్రం ప్రకటించింది. ఆ సాయంత్రం కాలనీలో చాలా ఇండ్లలో స్తుతి ప్రార్థనలు జరిగాయి. అయితే కాంట్రాక్టు కార్మికుల ఇండ్లలో దిగులు అంతటితో తీరలేదు. కష్టకాలంలో ఒకరి బియ్యపు డబ్బా మరొకరు చూసుకోవడానికి మా సంఘంలో పర్మినెంటువారు, కాంట్రాక్టువారు కలిసి నెలకు కొంత వేసుకునే ఏర్పాటు ఒకటి మొదలైంది. దానిని మొదట తలపెట్టినవారు రైలులో ఎదురెదురుగా కూర్చున్న ఆ అన్నదమ్ములిద్దరే.

పాఠకులలో వీలున్నవారు ఒకసారి కుటుంబ సమేతంగా ధవళేశ్వరం, లొల్ల, ఆత్రేయపురం చూసి రండి. పిల్లలకు కాటన్ దొర విగ్రహం చూపించండి, రాళ్లు మోసినవారి సంగతి కూడా చెప్పండి. ప్రభువు మీ ప్రయాణములలో తోడుండును గాక.