ఆ దారం ఎవరిది?

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు. ఫజర్ నమాజు తర్వాత బట్టలు ఆరేద్దామని మిద్దె ఎక్కితే, ఎదురింటి వేపచెట్టుకి ఒక కబూతర్ తలకిందులుగా వేలాడుతోంది. రెక్కకి మాంజా. ఎంత కొట్టుకుంటే అంత బిగుసుకుంటోంది.

మా వారు నిచ్చెన వేసి కొమ్మతో సహా దించారు. దారాన్ని లాగలేదు, లాగితే ఇంకా లోపలికి కోస్తుంది. పాత దుపట్టా కప్పి, కత్తెరతో మెల్లగా కత్తిరించి, కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో పడుకోబెట్టాం. పశువుల డాక్టరు దగ్గరికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఎనిమిదేళ్ల మా చిన్నోడు పెట్టె పక్కనే కూర్చుని అడిగాడు: "అమ్మీ, ఆ దారం నాదేనా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. వాడి చేతికి ఆ చరఖ్ కొనిచ్చింది నేనే. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించిందని తెలుసు. అయినా అందరి ముందు నా కొడుకు పతంగే ఎందుకు తెగిపోవాలి అనుకుని, దుకాణంవాడు లోపల్నించి తీసిస్తే పర్సు తెరిచాను.

"నీదే కావచ్చు బేటా. కానీ కొన్నది నేను. గల్తీ నాది," అన్నాను.

ఏడుస్తాడనుకున్నా. "మరి మిగతా చెట్ల మీద ఉన్నదో?" అన్నాడు.

ఆ ఆదివారం గల్లీ పిల్లలు ఆరుగురు పోగయ్యారు. చేతులకి పాత సాక్సులు తొడిగాం. కరెంటు తీగల దగ్గరికి వెళ్లకూడదు, చెట్టెక్కకూడదు, అందినంతే తియ్యాలి అని షరతు పెట్టాను. నైలాన్ కుళ్లదు. పండగ అయిపోయినా నెలల తరబడి ఉచ్చులా వేలాడుతుంది. ఉండచుట్టి పారేస్తే మళ్లీ ఏ కాకి కాళ్లకో చుట్టుకుంటుంది. అందుకే చిన్న ముక్కలుగా కత్తిరించి సీసాలో వేసి మూత పెట్టాం. రెండు లీటర్ల సీసా నిండిపోయింది!

ఆ రాత్రి పిల్లలకి సాలిం అలీ గారి కథ చెప్పాను. బొంబాయిలో చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇదేం చిడియా అని తెలుసుకోవడానికి బయలుదేరాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక 1931-32లో మన నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన కూడా ముందు చంపాడా?" అన్నాడు చివరికి.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ వచ్చింది. నాలుగు రోజులు, ప్రపంచమంతా పరిందాల హిసాబ్ వేస్తారు. కనీసం పదిహేను నిమిషాలు చూసి, కనబడినవన్నీ రాయాలి. మా మిద్దె మీద నోటుపుస్తకం తెరిచాం: కాకులు 11, మైనాలు 4, చిలకలు 6, బుల్‌బుల్ 2. పిచ్చుకలు సున్నా.

"మా ఇంట్లో అద్దం వెనకే గూడు కట్టేవి," అంది మా అత్తమ్మ. పిచ్చుక గింజలు తింటుంది కానీ కూనలకి పురుగులే పెడుతుంది. అప్పట్నించి పుదీనా కుండీలకి మందు కొట్టడం మానేశాను. మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, దోమలు చేరకుండా రోజూ మార్చే డ్యూటీ పిల్లలది. పిచ్చుక ఇంకా రాలేదు. సబర్ చేస్తున్నాం.

ఈ సంక్రాంతికి వాడే సాదా నూలు దారం అడిగాడు. పతంగ్ మూడుసార్లు తెగింది. ఏడుపు మొహంతో దిగొచ్చాడు. అయినా మగ్రిబ్‌కి ముందు, పరిందాలు గూళ్లకి మళ్లే వేళకి మళ్లీ మిద్దె ఎక్కాడు. చేతిలో పతంగ్ లేదు, నోటుపుస్తకం ఉంది.