పెంగ్విన్ల ఇంటికి చుట్టపుచూపుగా

అంటార్కిటికా వెళ్ళొచ్చామని చెప్పగానే అందరూ మొదట అడిగేది ఖర్చు గురించి. తర్వాత చలి గురించి. ఆ తర్వాత, "తెల్ల ఎలుగుబంట్లు కనిపించాయా?" అని. ఎలుగుబంట్లు ఉండేది ఉత్తర ధ్రువం వైపు. దక్షిణాన ఉండేవి పెంగ్విన్లు. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు, పిల్లల బొమ్మల పుస్తకాల్లో తప్ప. చలి అనుకున్నంత లేదు. డిసెంబరులో అక్కడ ఎండాకాలం, సున్నా డిగ్రీలకి కాస్త అటూ ఇటూ. ఖర్చు మాత్రం అనుకున్నంతా ఉంది. మావారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఒక మంచి కారుకి సరిపడేంత అయింది.

మా అమ్మాయి మాత్రం ఈ మూడూ అడగలేదు. టికెట్లు తీసుకోకముందే, "అమ్మా, మీరు చూడబోయే మంచు, మీరెక్కే విమానాల పొగకే కదా కరుగుతోంది? వెళ్ళకపోవడమే దానికి మేలు కదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మావారి దగ్గరా లేదు. ఆయనకి చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక ఇది, నాకు ఆయనతో వెళ్ళాలని ఉంది, అంతే. కొన్నాళ్ళు అలిగి, చివరికి తనే ఒక షరతు పెట్టింది. వెళ్తే చిన్న ఓడలోనే వెళ్ళాలి.

ఆ షరతులో అర్థం ఉంది. అంటార్కిటికాకి యాత్రికుల్ని తీసుకెళ్ళే సంస్థలు కొన్ని 1991లో ఒక సంఘం పెట్టుకుని కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాయి. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ వాళ్ళు అసలు ఒడ్డున దిగకూడదు, ఓడలోంచే చూసి వెళ్ళిపోవాలి. చిన్న ఓడలవాళ్ళు దిగొచ్చు కానీ ఒక చోట ఒకేసారి వంద మందికి మించకూడదు. మా ఓడలో ప్రయాణికులం వందకి కాస్త తక్కువ. అందుకని ఎవరి వంతు కోసమూ కాచుకోకుండా అందరం ఒకేసారి దిగగలిగాం.

అర్జెంటీనాలో దక్షిణం కొసన ఉన్న ఉషుయాయాలో ఓడ ఎక్కాం. అక్కణ్ణించి డ్రేక్ పాసేజ్ దాటాలి. దాదాపు 800 కిలోమీటర్ల సముద్రం, రెండు రోజుల ప్రయాణం. అది శాంతంగా ఉంటే డ్రేక్ లేక్ అనీ, ఊపేస్తే డ్రేక్ షేక్ అనీ అంటారట. మాకు రెండోదే రాసిపెట్టి ఉంది. ఒకటిన్నర రోజు మంచం దిగలేదు. మావారు యాపిల్ ముక్కలూ, బిస్కెట్లూ తెచ్చి తలగడ పక్కన పెట్టేవారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నాకు వరసగా నాలుగు పూటలు తిండి అందించడం అదే మొదలు.

మూడో రోజు శుద్ధి కార్యక్రమం. అందరి కోట్లూ, సంచులూ పట్టుకుని ఒక హాల్లో కూర్చోమన్నారు. వాక్యూమ్ క్లీనర్లు ఇచ్చి జేబుల మూలలు, సంచుల అడుగులు, అతుక్కునే పట్టీల మధ్య ఇరుక్కున్న నూగు అన్నీ లాగమన్నారు. ఒక గడ్డి గింజ ఉన్నా దొరకాలట. ఎందుకంటే మనుషుల వెంట వచ్చిన ఒక మామూలు పచ్చిక ఇప్పటికే అక్కడ పాతుకుపోయింది. ఒడ్డుకి వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ బూట్లు మందునీళ్ళలో ముంచి బ్రష్షుతో రుద్దుకోవాలి. మా ఇంట్లో చెప్పులతో గడప దాటనివ్వనని నన్ను వెక్కిరించే మావారు, ఆ పది రోజులూ రోజుకి రెండు మూడుసార్లు నోరెత్తకుండా బూట్లు తోముకున్నారు.

మొదట దిగింది హాఫ్ మూన్ ద్వీపంలో. పదిమంది పట్టే రబ్బరు పడవలో వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో దిగి నడవాలి. పెంగ్విన్ల కన్నా ముందు వాసన వచ్చింది, చేపల మార్కెట్టూ కోళ్ళఫారమూ కలిసినట్టు. తర్వాత వందల కొద్దీ చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లు. గడ్డం కింద సన్నటి నల్ల గీతతో, టోపీ తాడు కట్టుకున్నట్టుంటాయి.

గైడ్ చెప్పిన నియమాలు కొద్దే. వాటికి ఐదు మీటర్ల దూరంలో ఉండాలి. అదే మన దగ్గరికొస్తే కదలకుండా నిలబడాలి. మంచులో అవి నడిచి నడిచి చేసుకున్న దారికి అడ్డుపడకూడదు, అవి వెళ్ళాకే మనం. ఒడ్డున ఏమీ తినకూడదు. చిన్న రాయి కూడా జేబులో వేసుకోకూడదు. బర్డ్ ఫ్లూ భయంతో కింద కూర్చోవడం, సంచి కింద పెట్టడం కూడా వద్దన్నారు. వింటుంటే నాకు కొత్తగా అనిపించలేదు. ఒకరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు అమ్మ మాకు చెప్పి పంపిన మాటలే. వాళ్ళ సామాన్లు ముట్టుకోకండి, నడిచే దారిలో కూర్చోకండి, పెట్టిందాకా ఉండండి, చీకటి పడకముందే వచ్చెయ్యండి. అక్కడ ఆ వేళకి చీకటే పడదు, అదొక్కటే తేడా.

గులకరాయి ఎందుకు తీయకూడదో జెంటూ పెంగ్విన్లని చూశాక అర్థమైంది. వాటి గూళ్ళు గులకరాళ్ళతోనే కడతాయి. ఒక్కో రాయి ముక్కుతో తెచ్చి, తల వంచి జోడీ ముందు పెడుతుంది. ఇది అటు తిరగ్గానే పక్కింటిది వచ్చి ఆ రాయి ఎత్తుకుపోతుంది! రెండు గుడ్లు పెట్టి దాదాపు ముప్ఫై అయిదు రోజులు వంతులేసుకుని పొదుగుతాయి. ఒకటి సముద్రానికి వెళ్తే ఒకటి ఇంట్లో. గైడ్ ఆ వంతుల గురించి చెబుతుంటే నేను మావారి వైపు చూశాను. ఆయన బైనాక్యులర్స్ తుడుచుకుంటున్నారు.

పోర్ట్ లాక్‌రాయ్‌లో 1944లో బ్రిటిష్ వాళ్ళు కట్టిన చిన్న స్థావరం ఉంది. ఇప్పుడది మ్యూజియం, పోస్టాఫీసు. ఆ దీవిలో కొంత భాగంలోకే మనల్ని రానిస్తారు, మిగతాది పెంగ్విన్లకే. మనుషులు తిరిగేచోటా, తిరగనిచోటా వాటి గుడ్లూ పిల్లలూ ఎలా ఉన్నాయో ఏటా లెక్కపెడతారు. మా అమ్మాయికి అక్కణ్ణించే ఒక కార్డు రాశాను. "నీ ప్రశ్నే వీళ్ళూ అడుగుతున్నారు" అని.

మర్యాద తెలియని చుట్టాలు ఎలా ఉంటారో డిసెప్షన్ ద్వీపంలో చూశాం. అదొక అగ్నిపర్వతం, ఓడ దాని నోట్లోకే వెళ్తుంది. నల్లటి ఇసుక మీద తుప్పు పట్టిన పెద్ద పెద్ద బాయిలర్లు, నూనె ట్యాంకులు. 1912 నుంచి 1931 దాకా అక్కడ తిమింగలాల్ని ఉడకబెట్టి నూనె తీశారు. ఆ నూనె ఎక్కడికి పోయిందనుకున్నారు? సబ్బుల్లోకి, రొట్టె మీద రాసుకునే మార్గరిన్‌లోకి. అంటే వంటిళ్ళలోకి. ఏ ఇల్లాలికీ తను వాడేది ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసి ఉండదు. ఆ మాట విన్నాక నాకు ఆ ట్యాంకుల దగ్గర నిలబడబుద్ధి కాలేదు.

మర్నాడే హంప్‌బ్యాక్ తిమింగలాలు కనిపించాయి. మా రబ్బరు పడవకి కాస్త దూరంలో తల్లీ పిల్లా. పడవ ఇంజిన్ ఆపేశారు. వాటి ఊపిరి చప్పుడు, ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు. మునిగేటప్పుడు తోక పైకెత్తాయి. తోక కింది మచ్చలు మన వేలిముద్రల్లా దేనికదే వేరట, ఆ ఫోటోలతో శాస్త్రవేత్తలు ఏ తిమింగలం ఎక్కడికి వెళ్ళిందో కనిపెడతారట. దాదాపు తుడిచిపెట్టుకుపోయిన జాతి, చంపడం మానేస్తే మళ్ళీ పెరిగింది. నాకు ఆ ప్రయాణంలో దొరికిన ధైర్యం అదొక్కటే.

ఎందుకంటే మిగతా కబురు అంత బాగా లేదు. ఆ తీరం వెచ్చబడేకొద్దీ మంచుని నమ్ముకున్న అడేలీ పెంగ్విన్లు అక్కడ తగ్గుతున్నాయి, జెంటూలు పెరుగుతున్నాయి. వెళ్ళే మనుషులూ ఏడాదికి లక్ష దాటారు. బూట్లు ఎంత తోముకున్నా విమానం పొగని తోమలేం. మా అమ్మాయితో ఆ మాటే చెప్పాను. "నువ్వన్నది నిజమే. వెళ్ళకుండా ఉంటే దానికి మేలే. వెళ్ళినందుకు నాకు మేలు జరిగింది. రెండూ ఒకటి కాదు." తను కాసేపు ఆగి, "తిమింగలం ఫోటోలు పంపు" అంది.

ఇప్పుడు మందుల షాపులో ఒమేగా-3 మాత్రలు కొనాల్సొస్తే సీసా తిప్పి క్రిల్ నూనె అని ఉందేమో చూస్తున్నాను. చిటికెన వేలంత ఉండే ఆ రొయ్యలాంటి జీవే అక్కడ పెంగ్విన్‌కీ, సీల్‌కీ, తిమింగలానికీ అన్నం. అది మళ్ళీ మన వంటింటి దాకా వస్తోంది. మావారేమో అట్లాసు ముందేసుకుని, ఈసారి ఉత్తరం వైపు ఎలుగుబంట్లని చూసొద్దామా అంటున్నారు. చుట్టపుచూపు ఒక్కసారే బావుంటుందని చెప్పాను.