నేను అడగని ప్రశ్న

పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచినా ఒక బాలింత ముఖం నన్ను విడిచిపోలేదు. ఆరో వారం టీకాకు బిడ్డను తీసుకొని తల్లితో వచ్చింది. బిడ్డ ఏడుస్తున్నా ఆమె చూపు గోడమీదే ఉన్నది. "పాలు సరిపోతున్నాయా?" అని అడిగాను; "నీవెలా ఉన్నావమ్మా?" అని అడగలేదు. వెళ్ళబోతూ ఆమె తల్లి అన్నది: "ఇది తన బిడ్డలా అనిపించడం లేదంటుంది డాక్టరుగారూ! గారాబం ఎక్కువైంది." అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. మళ్ళీ కూర్చోబెట్టాను. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

ప్రసవమైన తొలి రోజులలో ఊరకే కన్నీరు రావడం సహజమే. సాధారణంగా రెండు వారాలలో తగ్గుతుంది. ఆపైన కూడా దిగులు వీడకపోయినా, బిడ్డ నిద్రించినా తల్లికి నిద్ర పట్టకపోయినా, బిడ్డపై మమకారం కలగకపోయినా అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. అది పొగరూ కాదు, గాలి సోకడమూ కాదు. చికిత్సకు లొంగే వ్యాధి. పాలిచ్చే తల్లులు వైద్యుని పర్యవేక్షణలో వాడదగిన మందులూ ఉన్నాయి. 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి 10 ప్రశ్నలే. వ్యాధిని అనుమానించడానికి అవి చాలు.

చావు తలపులు వస్తున్నాయంటే ఆమెను ఒంటరిగా వదలక ఆనాడే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. టెలి మానస్ 14416కు ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు.

కొన్ని నెలల చికిత్స తరువాత ఆ తల్లి బిడ్డను తానే ఎత్తుకొని వచ్చింది. బాలింతను చూడబోయినవారు ముందుగా ఆమెనే పలకరించండి.