పగ్గం

నలోపాఖ్యానంలో బాహుకుడు రథం తోలుతుండగా ఋతుపర్ణుని ఉత్తరీయం జారిపడింది. తీసుకొందామని రాజు అనేసరికే అది యోజనదూరం వెనుకబడింది. అంతటి వేగానికీ పగ్గం సారథి చేతిలోనే ఉన్నది.

నేటి మోటారు సైకిలులో ఆ పగ్గం ఈసీయూ అనే చిన్న పెట్టెలో ఉన్నది. ఇంజను నిర్ణీతమైన చుట్లు దాటగానే అది నిప్పురవ్వనో, ఇంధనాన్నో క్షణకాలం ఆపుతుంది. లేనిచో వాల్వులు పిస్టనుకు తగిలి ఇంజను ధ్వంసమవుతుంది. అయితే కట్టడి అంతటా ఒక్కటి కాదు. జపాను తయారీదారులు స్వదేశంలో అమ్మే బండ్లను చిరకాలం గంటకు 180 కిలోమీటర్ల వద్ద నిలిపివేశారు. ఎగుమతి బండ్లకు ఆ నిర్బంధం లేదు. మన దేశానికి 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 సంగతి మరీ విచిత్రం. దాని మాతృక యమహా ఆర్‌డీ 350కి 39 అశ్వశక్తి. ఇక్కడ దాదాపు 30, పిమ్మట పెట్రోలు పొదుపు కోసం 27. ఈసీయూ లేని ఆ కాలంలో పగ్గాన్ని ఇనుములోనే పోతపోశారన్నమాట!

మా సికింద్రాబాదు విద్యార్థి ఒకడు తన బండి హద్దును చెరిపిస్తానన్నాడు. "విదేశీయులకిచ్చిన చుట్లు మనకెందుకివ్వరు, సార్?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. "ప్యారడైజ్ నుండి ప్యాట్నీ వరకు ఆ చుట్లను ఎక్కడ ఖర్చు చేస్తావు నాయనా?" అని అడిగాను. నవ్వి ఊరుకొన్నాడు. మెకానిక్కు వద్దకు వెళ్లాడో లేదో చెప్పలేదు. సాయంత్రం కళాశాల విడిచే వేళ అతని బండి చప్పుడుకు చెవి ఒగ్గుతున్నాను.